వృక్క నాడుల నిర్మాణం – అధిక రక్తపోటుకు క్యాథెటర్ చికిత్స

నిర్వచనం

మూత్రపిండానికి రక్తం తీసుకెళ్లే వృక్క ధమనిలోకి సన్నని గొట్టాన్ని పంపి, ఆ ధమనిని అల్లుకుని ఉన్న నాడులను వేడితోనో రసాయనంతోనో నిర్వీర్యం చేసి రక్తపోటును తగ్గించే ప్రక్రియను వృక్క నాడీ విచ్ఛేదనం అంటారు. ఆస్పత్రుల్లో రీనల్ డినర్వేషన్ అనీ, పొట్టిగా ఆర్‌డీఎన్ అనీ వ్యవహరిస్తారు. క్యాథెటర్ ఉండేది రక్తనాళం లోపల. చంపవలసిన నాడులు ఉండేది నాళం బయట. రెంటికీ నడుమ ధమని గోడ, దాని మీద కొవ్వు. యాంజియోగ్రామ్‌లో ధమని స్పష్టంగా కనిపిస్తుంది కానీ నాడి ఒక్కటీ కనిపించదు. కనిపించని లక్ష్యాన్ని లోపలి నుంచి కొట్టాలి కాబట్టి నాడులు ఎన్ని, ఏ వైపున, గోడకు ఎంత దూరంలో ఉన్నాయన్నదే ఈ చికిత్సకు ఆయువుపట్టు. ఇరవయ్యొకటో శతాబ్దపు రెండో దశకంలో ఈ చికిత్స ఒకసారి విఫలమై మళ్లీ నిలదొక్కుకోవడానికీ ఈ నిర్మాణ జ్ఞానమే ప్రధాన కారణాల్లో ఒకటి.

పరిభాష: నరం, నాడి, ధమని

తెలుగులో ఈ విషయం చెప్పేవారికి మొదటి చిక్కు మాట దగ్గరే వస్తుంది. వాడుకలో నరం అంటే అన్నీ. సూది వేసే నర్సు ‘నరం దొరకడం లేదు’ అంటే అది సిర. ‘మెడ నరం పట్టేసింది’ అంటే చాలావరకు కండరం. ‘నరాల బలహీనత’ అన్నప్పుడు మాత్రమే అది నిజంగా మెదడుతో సంబంధమున్న తంతువు. నాడి అన్నా ఇబ్బందే. వైద్యుడు నాడి చూశాడంటే మణికట్టు దగ్గర ధమని కొట్టుకోవడాన్ని చూశాడని అర్థం. హైదరాబాద్ హిమాయత్‌నగర్‌లో 1968లో ఏర్పడిన తెలుగు అకాడమీ పాఠ్యపుస్తకాల ద్వారా శాస్త్ర పరిభాషను వ్యాప్తిలోకి తెచ్చింది. నాడి, ధమని, సిర అనే మూడింటినీ విడదీసి వాడటం ఆ పుస్తకాలు చదువుకున్న విద్యార్థులకు అలవాటే. ఆస్పత్రి కౌంటర్ దగ్గర నిలబడ్డ రోగికి మాత్రం ఆ తేడా అందదు. ‘కిడ్నీ నరాలు కాలుస్తాం’ అని చెబితే కిడ్నీకి రక్తం ఆపేస్తారేమోనని భయపడటం సహజం. ధమని తెరుచుకునే ఉంటుందనీ, రక్తప్రసారం ఆగదనీ, పోయేది సంకేతాలు మోసే తంతువులేననీ విడమరచి చెప్పకుండా తీసుకున్న సంతకాన్ని సమ్మతి అనడం కష్టం.

ఈ వ్యాసంలో నాడి అన్న మాటను సంకేతాలు మోసే తంతువు అనే అర్థంలో మాత్రమే వాడాం. మెదడు నుంచి మూత్రపిండానికి ఆజ్ఞలు తెచ్చేవి అపవాహి నాడులు, మూత్రపిండం నుంచి మెదడుకు సమాచారం మోసేవి అభివాహి నాడులు.

పూర్వ చరిత్ర

ఫ్రెంచ్ శరీరధర్మ శాస్త్రవేత్త క్లాడ్ బెర్నార్డ్ 1859లో ఒక జంతువులో ఒకవైపు స్ప్లాంక్నిక్ నాడిని తెంచితే ఆ వైపు మూత్రపిండం నుంచి మూత్రం ఎక్కువగా రావడం గమనించాడు. మూత్రపిండం పని మీద నాడుల అదుపు ఉందనడానికి అది తొలి ఆధారాల్లో ఒకటి.

రక్తపోటును, నాడులను కలిపి పరీక్షించిన చరిత్రలో హైదరాబాద్‌కూ ఒక పుట ఉంది. హైదరాబాద్ మెడికల్ స్కూల్ అధిపతి, రెసిడెన్సీ సర్జన్ అయిన ఎడ్వర్డ్ లారీ చొరవతో, ఆరో నిజాం మహబూబ్ అలీ ఖాన్ ధనసహాయంతో 1888లో మొదటి, 1889లో రెండవ క్లోరోఫామ్ కమిషన్లు ఇక్కడ పనిచేశాయి. రెండో కమిషన్‌కు లండన్ నుంచి లాడర్ బ్రంటన్ వచ్చాడు. జంతువుల ధమనికి కొలత పరికరాన్ని తగిలించి, క్లోరోఫామ్ ఇస్తున్నప్పుడు రక్తపోటు ఎలా పడిపోతుందో తిరిగే కాగితం మీద గీతలుగా నమోదు చేశారు. వేగస్ నాడి పాత్రనూ పరిశీలించారు. ముందు ఆగేది శ్వాసేగానీ గుండె కాదని వారు చేసిన నిర్ణయం తర్వాతి కాలంలో పూర్తిగా నిలవలేదు. ఆ ప్రయోగాలు మూత్రపిండ నాడుల మీద చేసినవి కావు. అయినా నాడీ చర్యను రక్తపోటు గీతతో పక్కపక్కన పెట్టి చదవాలన్న పద్ధతి ఈ నగరంలో అంత ముందే ఆచరణలో ఉందన్నది గుర్తుంచుకోదగిన విషయం. ఆ వైద్య పాఠశాలే కాలక్రమంలో ఉస్మానియా వైద్య కళాశాల అయింది.

రక్తపోటుకు సరైన మందులు లేని 1930–50 సంవత్సరాల మధ్య సర్జన్లు వెన్నెముక పక్కనున్న సహానుభూత (సింపథెటిక్) నాడులను కత్తితోనే తీసేసేవారు. అమెరికాలో స్మిత్‌విక్, థాంప్సన్ 1953లో 1,266 మంది అనుభవాన్ని ప్రచురించారు. శస్త్రచికిత్స పొందినవారిలో ఐదేళ్లలో 19 శాతం మరణించగా, పొందనివారిలో 54 శాతం మరణించారు. ప్రాణం నిలిచినా బాధలు ఎక్కువే. ఆ కోత మూత్రపిండ నాడులతో ఆగదు, పేగులకు, కాళ్లకు వెళ్లే వాటినీ తెంచేస్తుంది. నిలబడితే కళ్లు తిరిగి పడిపోవడం, చెమట పట్టకపోవడం, లైంగిక లోపాలు వెంటాడేవి. మాత్రలు వచ్చాక ఆ శస్త్రచికిత్స మరుగున పడింది. అలా వచ్చిన తొలి మందుల్లో ఒకటి మన సర్పగంధ వేరు నుంచే పుట్టింది. బొంబాయి వైద్యుడు రుస్తుం జాల్ వకీల్ 1949లో బ్రిటిష్ హార్ట్ జర్నల్‌లో దాని గుణాన్ని ప్రకటించాడు. సర్పగంధలోని రిసర్పిన్ కూడా సహానుభూత నాడుల కొసల్లో నిల్వ ఉండే నారడ్రినలిన్‌ను ఖాళీ చేసే పని చేస్తుంది. కత్తి, వేరు, క్యాథెటర్ మూడింటి గురీ ఒక్కటే.

శరీర నిర్మాణం

*పుట్టుక, మార్గం.* మూత్రపిండానికి వచ్చే సహానుభూత నాడులు ప్రధానంగా వెన్నుపాములోని పదో వక్ష ఖండం నుంచి మొదటి కటి ఖండం వరకు ఉన్న భాగంలో మొదలవుతాయి. స్ప్లాంక్నిక్ నాడుల ద్వారా కిందికి దిగి, బృహద్ధమని ముందున్న సీలియాక్, అయోర్టికోరీనల్ వంటి నాడీసంధుల్లో తంతువు మార్చుకుని, వృక్క ధమని చుట్టూ వలలా అల్లుకుంటాయి. దీన్ని వృక్క నాడీ వల అంటారు. ధమని కొమ్మలుగా చీలినచోటల్లా ఈ వల కూడా చీలి మూత్రపిండంలోకి వెళ్తుంది. అభివాహి తంతువులు ఇదే వలలో ఎదురు దిశలో ప్రయాణించి వెన్నుపాము పృష్ఠమూల నాడీసంధులకు చేరతాయి.

శవపరిచ్ఛేదన బల్ల మీద ఈ వలను చాలామంది వైద్య విద్యార్థులు చూడరు. ధమని చక్కగా కనిపించాలని చుట్టూ ఉన్న కొవ్వును గీకి తీసేస్తారు, నాడులు ఆ కొవ్వులోనే పోతాయి. చికిత్స ముందు పుట్టి, దాని లక్ష్యపు సూక్ష్మ పటం తర్వాత రావడానికి ఇదీ ఒక కారణమే.

*సంఖ్య, దూరం.* ఆ పటాన్ని 2014లో అమెరికాలోని రేణు విర్మాణి బృందం అందించింది. సకకురా మొదటి రచయితగా వెలువడిన ఈ అధ్యయనంలో 20 మృతదేహాల వృక్క ధమనులను పలుచని పొరలుగా కోసి 10,329 నాడులను సూక్ష్మదర్శినిలో లెక్కించారు. బృహద్ధమనికి దగ్గరి భాగంలోనూ, మధ్య భాగంలోనూ ఒక్కో కోతలో సగటున దాదాపు 40 నాడులు, మూత్రపిండం వైపు చివరి భాగంలో 34 దాకా కనిపించాయి. ధమని లోపలి అంచు నుంచి సగటు దూరం మొదట 3.40 మి.మీ., మధ్యలో 3.10 మి.మీ., చివర 2.60 మి.మీ.

అంటే బృహద్ధమని దగ్గర నాడులు ఎక్కువ కానీ దూరంగా చెదిరి ఉంటాయి. మూత్రపిండం వైపు వెళ్లేకొద్దీ తగ్గుతాయి కానీ ధమనిని హత్తుకుంటాయి. సగటు దూరాన్ని చూసి మూడు మిల్లీమీటర్లు చాలుననుకుంటే పొరపాటు. నాడుల్లో నాలుగింట మూడొంతులను అందుకోవాలంటేనే సుమారు 4.3 మి.మీ. లోతుకు వెళ్లాలి. మిగిలినవి ఇంకా దూరం.

*చుట్టూ సమానంగా లేకపోవడం.* ధమని ముందువైపు నాడులు ఎక్కువ, వెనుకవైపు తక్కువ. ఒకే దిక్కున కాలిస్తే మిగిలిన దిక్కుల్లోని నాడులు క్షేమంగా ఉంటాయి. అందుకే పై, కింద, ముందు, వెనుక అనే నాలుగు పాదాల్లోనూ చికిత్స పడాలన్న నియమం వచ్చింది.

*ఆలస్యంగా వచ్చి కలిసే నాడులు.* కొన్ని నాడులు ప్రధాన ధమనితో కలిసి నడవవు. నాడీసంధి నుంచి అడ్డదారిన వచ్చి ధమని చివరి భాగంలోనో, కొమ్మల దగ్గరో కలుస్తాయి. ప్రధాన కాండం మొదట్లో ఎంత కాల్చినా ఇవి తప్పించుకుంటాయి. నాడుల సంఖ్య ఎక్కువున్న మొదటి భాగమే మంచి లక్ష్యమన్న తొలి ఊహను ఈ ఒక్క విషయం తలకిందులు చేసింది.

*అదనపు ధమనులు.* సుమారు నలుగురిలో ఒకరికి ఒక మూత్రపిండానికైనా ఒకటికి మించి ధమనులు ఉంటాయి. అదనపు ధమని వెంట నాడులూ వస్తాయి. అది మరీ సన్నమై క్యాథెటర్ పట్టకపోతే ఆ దారి మూయకుండానే మిగిలిపోతుంది.

*ఇరుగుపొరుగు.* కుడి వృక్క ధమని అధోమహాసిర వెనుక నుంచి వెళ్తుంది, ఎడమదానికంటే పొడవు. ఎడమ ధమని ముందు ఎడమ వృక్క సిర ఉంటుంది. పారే రక్తం వేడిని లాగేసుకుంటుంది కనుక పక్కనే సిర ఉన్నచోట కాలిన ప్రదేశం ఆకారం మారిపోతుంది. శోషరస గ్రంథి అడ్డొచ్చినా అంతే. ఇదే గుణం మేలు కూడా చేస్తుంది: ధమనిలో పారే రక్తం లోపలి పొరను చల్లబరుస్తూ కాపాడుతుంది, వేడి మాత్రం వెలుపలికి పాకుతుంది.

పనితీరు

అపవాహి నాడులు మూత్రపిండంలో మూడు పనులు చేస్తాయి. స్వల్ప ప్రేరణతో బీటా-1 గ్రాహకాల ద్వారా రెనిన్ స్రవింపజేస్తాయి. ప్రేరణ పెరిగితే మూత్రనాళికలు సోడియంను తిరిగి పీల్చుకుంటాయి. ఇంకా పెరిగితే రక్తనాళాలు కుంచించుకుని మూత్రపిండానికి రక్తం తగ్గుతుంది. ఉప్పు నిలవ, నీటి నిలవ, నాళాల బిగువు ఈ మూడింటి ఫలితమే. రోజూ పచ్చడి కలిపిన మొదటి ముద్దతో లోపలికెళ్లే ఉప్పును బయటికి పంపాల్సిన అవయవానికే ‘దాచిపెట్టు’ అన్న ఆజ్ఞ అందుతోందన్నమాట.

అభివాహి నాడులు మూత్రపిండంలోని ఒత్తిడి, రసాయన మార్పులను మెదడుకు చేరవేసి శరీరమంతటా సహానుభూత వ్యవస్థ జోరును పెంచగలవు. 1992లో కన్వర్స్ బృందం దీన్ని మనుషుల్లో చూపింది. డయాలిసిస్ రోగుల్లో పాడైన మూత్రపిండాలు ఒంట్లోనే ఉన్నవారికి కండరాల సహానుభూత నాడీ చర్య ఎక్కువగా ఉంది. రెండు మూత్రపిండాలూ తీసేసినవారిలో లేదు. విచ్ఛేదనం ఈ రెండు దారులనూ ఒకేసారి తగ్గిస్తుంది. విడివిడిగా ఎంపిక చేసి కాల్చే వీలు ఇప్పటి పరికరాల్లో లేదు. చికిత్స సమయంలో రోగికి నొప్పి కలిగేది కూడా ఈ వలలోని తంతువుల వల్లే. అందుకే మత్తు, నొప్పి మందులు తప్పనిసరి.

క్యాథెటర్ యుగం: ఆశ, వైఫల్యం, పునర్విచారం

ఆస్ట్రేలియా పరిశోధకులు హెన్రీ క్రమ్, మార్కస్ ష్లైక్ తదితరులు చేపట్టిన తొలి మానవ ప్రయోగం 2009లో లాన్సెట్‌లో వెలువడింది. 2010లో వచ్చిన సింప్లిసిటీ హెచ్‌టీఎన్-2 ప్రయోగంలో 106 మందిని రెండు జట్లుగా చేశారు. చికిత్స పొందిన జట్టులో క్లినిక్ రక్తపోటు 32/12 మి.మీ. పాదరసం మేర తగ్గింది. మందులకు లొంగని బీపీకి దారి దొరికిందని ప్రపంచమంతా అనుకుంది. కానీ రెండో జట్టుకు ఉత్తుత్తి చికిత్స చేయలేదు. ఎవరికి ఏం చేశారో రోగికీ వైద్యుడికీ తెలుసు.

ఆ లోటు పూరించిన సింప్లిసిటీ హెచ్‌టీఎన్-3 ఫలితం 2014లో వచ్చింది. దీపక్ భట్ మొదటి రచయిత, 535 మంది రోగులు. ఒక జట్టుకు నాడులు కాల్చారు, ఇంకో జట్టుకు యాంజియోగ్రామ్ మాత్రమే చేశారు. ఆరు నెలలకు పై రక్తపోటు (సిస్టాలిక్) మొదటి జట్టులో 14.13, రెండో జట్టులో 11.74 తగ్గింది. తేడా 2.39 మాత్రమే, గణాంకాల ప్రకారం లెక్కకు రాదు. చికిత్స వల్ల హాని లేదని తేలింది కానీ మేలు ఉందని తేలలేదు.

ఎందుకలా జరిగిందన్న విచారణలో శరీర నిర్మాణం మళ్లీ తెరమీదికి వచ్చింది. వాడిన క్యాథెటర్‌కు ఒకే ఎలక్ట్రోడ్. చేత్తో తిప్పుతూ, వెనక్కి లాగుతూ ఒక్కో చుక్క కాల్చాలి. వందకు పైగా వైద్యులు పాల్గొనగా, చాలామందికి అదే మొదటి అనుభవం. తర్వాత చేసిన లెక్కలో రెండు ధమనుల్లోనూ నాలుగు పాదాలకూ చికిత్స పడినవారు 19 మందే, అంటే సుమారు 5 శాతం. కాల్చిన చుక్కల సంఖ్య పెరిగినవారిలో రక్తపోటు ఎక్కువ తగ్గిన ధోరణి కనిపించింది. అయితే నేరమంతా క్యాథెటర్ మీద వేయడం సరికాదు. ప్రయోగం నడుస్తుండగానే అనేకమంది మందులు మారాయి. ఉత్తుత్తి జట్టులో కూడా బీపీ బాగా పడింది. ఫలితం తేలాక వెనక్కి తిరిగి చేసిన లెక్కలకు ఉండే బలహీనత ఈ లెక్కలకూ ఉంది.

జవాబు జంతువుల్లో దొరికింది. 2015లో మహ్‌ఫూద్ బృందం పందుల్లో ప్రధాన కాండం ఒక్కదాన్నీ, కొమ్మలతో కలిపీ కాల్చి పోల్చింది. రెండూ కలిపినప్పుడే మూత్రపిండంలో నారడ్రినలిన్, నాడీ తంతువుల సాంద్రత ఎక్కువగా తగ్గాయి. ఒక జంతువుకీ ఇంకో జంతువుకీ మధ్య తేడా కూడా తగ్గింది. నాడులు ధమనికి దగ్గరగా ఉండే చోటికి వెళ్లాలన్న పటపు సూచన నిజమైంది.

రకాలు

*రేడియో తరంగాలు.* స్పైరల్ అనే రెండోతరం క్యాథెటర్ ధమనిలో తీగలా మెలితిరుగుతుంది. దాని మీది నాలుగు ఎలక్ట్రోడ్లు నాలుగు దిక్కులకూ ఆనుకుని ఒకేసారి 60 సెకన్లు వేడి చేస్తాయి. 3 నుంచి 8 మి.మీ. వెడల్పున్న నాళాల్లో, అంటే కొమ్మల్లో కూడా వాడవచ్చు. చేరే లోతు తక్కువ కాబట్టి దగ్గరి నాడులున్న చోటికి వెళ్లడం దీని వ్యూహం. 2020లో వచ్చిన స్పైరల్ పివటల్‌లో మందులు ఆపిన 331 మందిలో 24 గంటల పై రక్తపోటులో ఉత్తుత్తి చికిత్సతో పోలిస్తే సుమారు 4 మి.మీ. తేడా కనిపించింది. మందులు వాడుతున్నవారి మీద చేసిన పెద్ద ప్రయోగం మాత్రం 24 గంటల కొలతలో ప్రధాన లక్ష్యాన్ని అందుకోలేకపోయింది. క్లినిక్ కొలతలో తేడా నిలిచింది.

*అల్ట్రాసౌండ్.* పారడైజ్ క్యాథెటర్ కొసన ఉన్న బుడగలో నీరు తిరుగుతూ ధమని గోడను చల్లబరుస్తుంది. మధ్యలోని పరికరం నుంచి ధ్వని తరంగాలు చుట్టూ వలయాకారంలో 7 సెకన్లపాటు వెళ్లి 1 నుంచి 6 మి.మీ. లోతున వేడి పుట్టిస్తాయి. చుట్టూ ఒకేసారి పడటం వల్ల పాదాల చిక్కు లేదు, లోతు వల్ల ప్రధాన కాండంలోనే దూరపు నాడులు అందుతాయి. 2018 నుంచి 2023 వరకు వచ్చిన మూడు రేడియన్స్ ప్రయోగాల్లో పగటి రక్తపోటు తేడా 4.5 నుంచి 6.3 మి.మీ. దాకా ఉంది.

దూరం తగ్గేచోటికి వెళ్లడమా, లోతు పెంచడమా అన్న ఈ రెండు దారులను జర్మనీలోని లైప్‌జిగ్‌లో 120 మందితో నేరుగా పోల్చారు. 2019లో వచ్చిన ఆ ఫలితంలో ప్రధాన కాండానికే పరిమితమైన రేడియో చికిత్సకంటే అల్ట్రాసౌండ్ మెరుగ్గా పనిచేసింది. కొమ్మలు కూడా కాల్చిన రేడియో చికిత్సతో పోలిస్తే తేడా నిర్ధారణకు రాలేదు. ఒకే నిర్మాణ సమస్యకు రెండు భిన్న పరిష్కారాలు దాదాపు ఒకే చోటికి చేరాయని దీన్ని చదవవచ్చు.

*ఆల్కహాల్.* సన్నని సూదులతో ధమని బయటికి ఆల్కహాల్ వదిలే పద్ధతి మూడోది.

అమెరికా ఎఫ్‌డీఏ 2023 నవంబరులో పారడైజ్‌ను, అదే నెలలో స్పైరల్‌ను ఆమోదించింది.

పరిమితులు, భద్రత

నాడులు పోయాయా లేదా అని బల్ల మీదే చెప్పగల పరీక్ష వాడుకలో లేదు. ధమనిలో విద్యుత్ ప్రేరణ ఇచ్చి బీపీ పెరిగేచోట మాత్రమే కాల్చే పద్ధతి పరిశోధనలో ఉంది. ధమని చుట్టూ రక్తపోటు తగ్గించే తంతువులు కూడా కొన్ని ఉండవచ్చన్న అనుమానం దానికి ప్రాతిపదిక. గొర్రెల్లో 11 నెలలకు నాడులు తిరిగి పెరిగినట్టు కనిపించింది. మనుషుల్లో మాత్రం మూడేళ్లయినా రక్తపోటు తగ్గుదల నిలిచిన నమోదులు ఉన్నాయి. ఎక్కువగా ఎదురయ్యే ఇబ్బంది తొడ ధమనిలో గొట్టం పెట్టినచోట రక్తస్రావం. వృక్క ధమని ఇరుకై స్టెంట్ అవసరమవడం ఏడాదికి సుమారు 0.2 శాతం.

తెలంగాణలో ప్రాసంగికత

2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం దేశంలో 15 ఏళ్లు దాటిన స్త్రీలలో 21.3 శాతం, పురుషులలో 24 శాతం అధిక రక్తపోటుతో ఉన్నారు. తెలంగాణ ఆ సగటుకంటే పైనే ఉంది. 2017లో మొదలైన భారత హైపర్‌టెన్షన్ నియంత్రణ కార్యక్రమం తొలి ఐదు రాష్ట్రాల్లో తెలంగాణ ఒకటి. 2018 నుంచి హైదరాబాద్ వాడల్లో బస్తీ దవాఖానాలు బీపీ చూసి మాత్రలు ఉచితంగా ఇస్తున్నాయి. క్యాథెటర్ చికిత్సకు ముందు తేల్చవలసిన ప్రశ్న ఇక్కడే ఉంది: మూడు మాత్రలకూ లొంగని బీపీ అని వచ్చిన వ్యక్తి ఆ మూడు మాత్రలూ రోజూ వేసుకుంటున్నాడా? తల తిరగలేదని ఆపేసినవారూ, నెలాఖరున కొనలేక మానేసినవారూ ఈ లెక్కలో కలిస్తే నాడుల మీద నింద అన్యాయం.

రెండో ప్రశ్న ధమని ఆరోగ్యం. ఆసియా ప్రజల్లో, ముఖ్యంగా యువతుల్లో కనిపించే టకయాసు వ్యాధి వృక్క ధమనిని ఇరుకుగా మార్చి బీపీ పెంచుతుంది. అలాంటి ధమనిలో ఈ చికిత్స చేయకూడదు. అడ్రినల్ గ్రంథి నుంచి ఆల్డోస్టెరాన్ అధికంగా రావడం, గురకతో నిద్రలో ఊపిరాగడం వంటి కారణాలను ముందే వెతకాలి. మూత్రపిండాల వడపోత బాగా తగ్గినవారినీ, గర్భిణులనూ పెద్ద ప్రయోగాల్లో చేర్చుకోలేదు. అందువల్ల వారి విషయంలో చెప్పగలిగింది తక్కువ. సీటీ యాంజియోగ్రామ్‌లో ధమనులెన్ని, వెడల్పెంత, కొమ్మలు ఎక్కడ చీలాయి అన్నది చూసుకోవాలి. ప్రధాన కాండం పొట్టిగా ఉండి తొందరగా చీలిపోయినా, అదనపు ధమనులున్నా పరికరం ఎంపిక మారుతుంది.

మూడోది ఖర్చు. ఈ క్యాథెటర్లు ఒక్కసారి వాడి పారేసేవి, విదేశాల్లో తయారయ్యేవి. హృద్రోగ నిపుణుడు సోమరాజు, అబ్దుల్ కలాం కలిసి 1990ల్లో హైదరాబాద్‌లో రూపొందించిన కలాం–రాజు స్టెంట్ దిగుమతి ధరకు స్థానిక ప్రత్యామ్నాయం సాధ్యమేనని ఇదే నగరంలో చూపింది.

చికిత్స జరిగిన రోజే ఫలితం చెప్పలేరు. తగ్గుదల వారాల తరబడి క్రమంగా వస్తుంది. మూడు నెలలకూ, ఆరు నెలలకూ 24 గంటల బీపీ యంత్రం కట్టి చూడాలి. చాలామందికి ఆ తర్వాతా మాత్రలు కొనసాగుతాయి, కొందరికి ఒకటో రెండో తగ్గుతాయి. పై రక్తపోటు 5 మి.మీ. తగ్గితే గుండెపోటు, పక్షవాతం వంటి పెద్ద ఘటనలు సుమారు పదో వంతు తగ్గుతాయని మందుల ప్రయోగాలను కలిపి 2021లో చేసిన విశ్లేషణ చెబుతోంది. క్యాథెటర్‌తో తగ్గిన రక్తపోటుకూ అదే ఫలితం వస్తుందని చూపే దీర్ఘకాలిక ప్రయోగం ఇంకా రావలసి ఉంది.